ఒక్క సీటు కారు

మా ఆయనకీ ఆయన అన్నగారికీ మాటల్లేవన్న సంగతి నాకు పెళ్ళిచూపుల రోజే తెలిసింది. నన్ను చూడటానికి బిలాస్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టర్‌కి ఇద్దరూ వచ్చారు. గదికి ఈ చివరొకరు, ఆ చివరొకరు కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వెళ్ళేటప్పుడు రెండు సైకిళ్ళు రెండు దారుల్లో వెళ్ళాయి. మా అమ్మ అనుమానపడింది. నాన్న మాత్రం కుర్రాడికి డీజిల్ షెడ్డులో ఉద్యోగం ఉంది కదా, అన్నదమ్ముల గొడవలు లేని ఇల్లేదని తోసేశాడు.

గొడవ ఏమిటో పెళ్ళయ్యాక తెలిసింది. మా మామగారు ఇంజను డ్రైవరుగా ఉండగానే జబ్బు చేసి పోయారు. సర్వీసులో పోయిన మనిషి ఇంట్లో ఒకరికి రైల్వేవాళ్ళు ఉద్యోగం ఇస్తారు. ఎవరికివ్వాలో చెప్పమంటే మా అత్త చిన్నకొడుకు పేరు చెప్పింది. పెద్దకొడుకు అప్పటికే ఊరి అంచున సిర్గిట్టిలో, ఇనుప సామాన్లు చెక్కే ఒక లేత్ షాపులో కూలికి పనిచేస్తున్నాడు. ఉద్యోగం ఎవరిదో క్వార్టరూ వాళ్ళదే కాబట్టి, పుట్టి పెరిగిన ఇల్లు ఒక్కరోజులో తమ్ముడి ఇల్లయిపోయింది. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు. ఉండమని కూడా అనలేదు. ఒక ట్రంకుపెట్టె తీసుకుని సిర్గిట్టి వెళ్ళిపోయాడు. నలుగురూ ఏమనుకుంటారోనని అత్త బతిమాలితే పెళ్ళిచూపులకీ పెళ్ళికీ వచ్చాడు తప్ప, మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నాకు ఆ ఇంట్లో ఎవరి మీదా ప్రేమ పుట్టలేదు. నేను నాలుగువందల మీటర్ల పరుగు పరిగెత్తేదాన్ని. డివిజనల్ ఆఫీసులో నా క్లర్కు ఉద్యోగం కూడా ఆ పరుగు వల్ల వచ్చిందే. కాపరానికొచ్చిన మొదటి వారంలోనే, నిక్కరు వేసుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తే కోడలు తనకొద్దని అత్త తేల్చి చెప్పింది. మా ఆయన పక్కనే నిలబడి విన్నాడు. విని, సైకిలు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆయనతో నేను అవసరానికి మించి మాట్లాడటం మానేశాను. ఆయన అది గమనించాడో లేదో కూడా నాకు తెలియదు.

అలాంటి ఇంట్లోంచి ఒక రేసు కారు బయల్దేరింది. చక్రాలు నాలుగూ బయటికి కనబడుతూ, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత జాగా ఉండే కారు. అన్నదమ్ములిద్దరికీ చిన్నప్పటి నుంచీ బళ్ళ పిచ్చి. విడివిడిగా కలకత్తా వెళ్ళి రేసులు చూసి వచ్చేవారు. మా ఆయన, ఎక్కడో గుద్దేసిన కారు ఇంజను ఒకటి సంపాదించి, పెరట్లో చెక్కబల్ల మీద పెట్టి, డ్యూటీ దిగాక దాన్ని విప్పి బిగించుకుంటూ ఉండేవాడు. బావగారు అప్పటికి సిర్గిట్టిలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. అక్కడ ఇనుప గొట్టాలు వంచి, వెల్డింగు చేసి, కారు చట్రం కట్టాడు. ఒకరి దగ్గర ఇంజను, ఇంకొకరి దగ్గర చట్రం. స్పేర్ పార్టుల కొట్టువాడి ద్వారా ఈ కబురు ఇద్దరికీ చేరింది. ఇద్దరూ నెలల తరబడి బిగదీసుకుని కూర్చున్నారు.

చివరికి మా ఆయన నన్ను పంపాడు. నేను వెళ్ళి, ఇంజను ఉందట, మీకు కావాలేమో కనుక్కోమన్నారని చెప్పాను. బావగారు లేత్ ఆపకుండానే విన్నాడు.

"ఇంజను పంపీమను. ఆడు రానక్కర్లేదు."

ఆ రెండో మాట నేను ఇంటికి మోసుకెళ్ళలేదు. ఇంజనుతో పాటు మా ఆయనా వెళ్ళాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేయడం మొదలుపెట్టారు, ఒక్క మాట లేకుండా. సాయంత్రం ఆఫీసు నుంచి నేను అటే వెళ్ళాల్సి వచ్చేది. గేరుబాక్సు ఇంకాస్త వెనక్కి జరపాలని చెప్పు, అంటాడు ఈయన. జరిపితే ఇరుసు ఎక్కడ పెట్టుకుంటాడట అడుగు, అంటాడు ఆయన. మధ్యలో అడ్డుగా ఉన్నది కారు మాత్రమే. ఇద్దరికీ చెవులున్నాయి. అయినా ప్రతి మాటా నా నోటి మీదుగా దాటితేనే వినబడినట్టు చేసేవారు.

కారు తయారయ్యాక అసలు తగాదా వచ్చింది. బావగారు సన్నగా పొడుగ్గా ఉంటాడు. చట్రం తన కొలతకే కట్టుకున్నాడు. మా ఆయన కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి తగిలేవి. కావాలనే అలా కట్టాడని ఈయన. ఇంజను ఇచ్చినంత మాత్రాన సీటు తనదవుతుందా అని ఆయన. ఎవరు వేగంగా నడిపితే వాళ్ళే పోటీలో నడపాలని, టైము నేను చూడాలని చివరికి ఒప్పుకున్నారు. నా దగ్గర స్టాప్‌వాచీ ఉండేది. ఒకసారి పోటీలో నేను రిబ్బను తెంపాక కూడా జడ్జీలు తమ ఊరి అమ్మాయికి మొదటి స్థానం ఇచ్చారు. ఆ తర్వాత పట్టుబట్టి కొనుక్కున్న వాచీ అది.

మస్తూరీ వైపు కొత్తగా రోడ్డు వేసి, ఇంకా బస్సులు వదలని రోజులవి. పొద్దున్నే ట్రాలీ మీద కారు తీసుకెళ్ళాం. చూస్తే రోడ్డు సగం మేర రైతులు వడ్లు ఆరబోసి ఉన్నారు. కాస్త పక్కకి తీయమని మా ఆయన హిందీలో దబాయించాడు. ఒక ముసలి రైతు కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏ సడక్ తోర్ బాప్ కే హే కా?"

ఈ రోడ్డు నీ బాబుదా అని. ఆయన అడిగింది న్యాయంగానే ఉందనిపించింది నాకు. వడ్లు లేని ముక్క వెతుక్కుంటూ ఇంకా ముందుకి వెళ్ళాం. ఇద్దరూ నడిపారు. బావగారు స్పష్టంగా ముందున్నాడు. నేను అదే చెప్పాను.

మా ఆయన నా చేతిలోంచి వాచీ లాక్కుని చూశాడు. నొక్కడంలో తేడా చేశానన్నాడు. మళ్ళీ నడిపారు. మళ్ళీ అదే.  ఇంటికొచ్చాక మా ఆయన, వాళ్ళమ్మ వినేలా, కట్టుకున్నదే శత్రువైతే ఇంకెవరేం చేస్తారన్నాడు. మా అత్త రెండు వారాలు నా చేతి వంట ముట్టలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఆ ఇంట్లో నాకు కాస్త మర్యాద దక్కేదేమో. ఆ మర్యాద నాకు అక్కర్లేదనుకున్నాను.

ఆ సీజన్‌లో మా తరగతి కార్లకి మూడు పోటీలు. మొదటిది మద్రాసు అవతల, వాడకం మానేసిన పాత విమానాశ్రయపు రన్‌వే మీద. అక్కడికి వచ్చిన జట్లకి ఒకే రంగు చొక్కాలు, టైర్లు మోసే మనుషులు, నీడకి గుడారాలు ఉన్నాయి. మేము ముగ్గురం, ఒక లారీ. మా కారుని చూసి పక్క జట్టువాళ్ళు, దీన్ని రైలు పట్టాల మీద నడుపుతారా అని ఇంగ్లీషులో నవ్వుకున్నారు. అది మాకు అర్థం కాదనుకున్నారు.

బావగారు నడిపాడు. బాగానే నడిపాడు. సగం దాటాక ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. కారుని తోసుకుంటూ వచ్చి హెల్మెట్ తీశాడు. ముఖమంతా నల్లగా ఉంది.

"నీ మొగుడు ఇంజను చంపీసాడు," అన్నాడు నాతో. "కావాలనే చేసేడు."

తొక్కడం చేతగాక ఇంజను మీద పడుతున్నాడని చెప్పు, అన్నాడు మా ఆయన. నేను చెప్పనవసరం లేకపోయింది. బావగారు కోపంతో, ఇంజను చల్లారేదాకా ఆగకుండా, రేడియేటరు మూత తిప్పేశాడు. మరుగుతున్న నీళ్ళు ఎగజిమ్మి కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.  పళ్ళు బిగించుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. మా ఆయన రాలేదు. ఇంజను విప్పి చూడాలన్నాడు.

చేతికి కట్టు కట్టారు కాబట్టి రెండో పోటీకి ఇంకో దారి లేదు. మా ఆయనే నడపాలి. బావగారు కట్లు మార్పించుకుంటూ షెడ్డుకి రాని రోజుల్లో, మా ఆయన తనకి మోకాళ్ళు పట్టడం లేదని చట్రం ముందు భాగంలో రెండు గొట్టాలు కోసేశాడు. వెల్డింగు ఆయనకి రాదు. కోసిన చోట ప్లేట్లు పెట్టి, బోల్టులు బిగించి, పైన రంగు వేసేశాడు.

అది చూసిన రోజు బావగారు మా క్వార్టర్‌కి వచ్చాడు. అన్నేళ్ళ తర్వాత అదే మొదటిసారి. గడప అవతల నిలబడ్డాడు. లోపలికి రమ్మని అత్త పిలిస్తే ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు.

"అమ్మాయ్, ఆడేటి చేసేడో నీకు తెలుసా? ముందు నుంచి దేన్నైనా గుద్దితే ఆ బోల్టులు తెగి, ప్లేట్లు కాళ్ళలోకి దిగిపోతాయి. రూలు కూడా ఒప్పుకోదు. తీసీమను. లేకపోతే కారు కదలదు."

లోపల అన్నం తింటున్న మా ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చాడు.

"కారు కదుల్తాది. ఎవడాపుతాడో చూస్తానని చెప్పు."

 ఆ గుమ్మం చట్రం మీద, ఆ ఇంటి గోడల మీద బావగారి చూపు తిరగడం నేను చూశాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను మా ఆయనతో, బావగారు చెప్పింది ప్రమాదం గురించి కదా, వినొచ్చు కదా అన్నాను. నాకు బావగారి మీద అంత నమ్మకముంటే ఆయన దగ్గరికే పొమ్మన్నాడు.

రెండో పోటీ కలకత్తా దగ్గర. కారుని పార్శిలు వ్యానులో వేసి, అదే రైల్లో ముగ్గురం వెళ్ళాం. బావగారు ఎందుకొస్తున్నాడో నాకు అర్థం కాలేదు. కారు తనది కూడా కాబట్టి వస్తున్నాడనుకున్నాను. పొద్దున తనిఖీలో రంగు కింద ఏముందో ఎవరూ గీకి చూడలేదు. మా ఆయన పోటీలో మూడోవాడిగా వచ్చాడు. చొక్కాల జట్లలో సగం మా వెనకే ఉన్నాయి. ఆయన చేతికి కప్పు ఇచ్చారు. మా మధ్య ఎన్ని ఉన్నా, అది చూసి నేను చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను. గెలిచి నిలబడటం అంటే ఏమిటో నాకు తెలుసు.

కప్పు పట్టుకుని దిగి వచ్చేసరికి కారు చుట్టూ అధికారులు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఒకడు ముందు భాగం మీద రంగు గీకుతున్నాడు. పక్కనే బావగారు, కట్టు కట్టిన చేత్తో ఎక్కడ గీకాలో చూపిస్తున్నాడు. మా ఫలితం కొట్టేశారు. కప్పు వెనక్కి తీసుకుని, నాలుగోవాడిని పిలిచి ఇచ్చారు.

మా ఆయన వెళ్ళి అన్నని నోటి మీద గుద్దాడు. బావగారు ఆ కాలిన చేత్తోనే తిరిగి కొట్టాడు. ఇద్దరూ మట్టిలో దొర్లారు. చుట్టూ ఉన్నవాళ్ళు విడదీయలేదు, నవ్వుతూ చూశారు. నేను మధ్యలోకి వెళితే ఎవరి మోచెయ్యో తగిలి నా పెదవి చిట్లింది. మళ్ళీ ఇలా చేస్తే ఎప్పటికీ రానివ్వమని అధికారులు హెచ్చరించి పంపారు.

బావగారు చెప్పింది నిజం. కానీ ఆ నిజం పొద్దున తనిఖీలోనే చెప్పొచ్చు. కప్పు తమ్ముడి చేతికి వచ్చేదాకా ఆగి చెప్పాడు. రైల్లో ఆయన ఎదుటి సీటులో, వాచిన నోటితో కూర్చున్నాడు. ఖరగ్‌పూర్ దాటాక నేను ఇద్దరికీ కలిపి ఒకటే మాట చెప్పాను. ఇకమీదట నాతో ఎవరికీ ఏ కబురూ పంపొద్దని, పంపినా మోయనని. ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు.

మేము దిగేసరికే రైల్వే కాలనీ అంతటికీ తెలిసిపోయింది. ఆఫీసులో నా చిట్లిన పెదవి చూసి, కొట్టింది మొగుడా బావా అని అడిగినవాళ్ళున్నారు. డీజిల్ షెడ్డులో మా ఆయన కనబడితే మూడు వేళ్ళు చూపించి నవ్వేవారట.

కారుని సిర్గిట్టి షెడ్డులో పెట్టారు. మా ఆయన తలుపుకి తాళం వేశాడు. మర్నాడు దాని పక్కనే బావగారు ఇంకో తాళం వేశాడు. ఒకరు తీసినా తలుపు తెరుచుకోదు. బావగారు లేత్‌ని వరండాలోకి జరుపుకుని అక్కడే పనిచేసుకున్నాడు. మూడో పోటీ దగ్గరపడుతోంది. ఎవరూ దిగి రాలేదు.

ఒకరోజు పొద్దున్నే మా అత్త చీర మార్చుకుని, నన్ను సిర్గిట్టి తీసుకెళ్ళమంది. రిక్షాలో వెళ్ళాం.  అత్త షెడ్డు ముందు దిగి, కొడుకు స్టూలు వేయకపోయినా, ఇనుప రజను పడి ఉన్న అరుగు మీదే కూర్చుంది.

"ఉద్యోగం చిన్నోడికిమ్మని వేలిముద్ర వేసింది నాను. ఆడు చాతకానోడు, నువ్వు ఎక్కడున్నా బతికీగలవని వేసినాను. కోపముంటే నా మీద తీర్చుకో. ఆడి కప్పు లాక్కోడమేటి?"

బావగారు లేత్ ఆపాడు. అది పూర్తిగా నిలిచేదాకా దాన్నే చూస్తూ ఉన్నాడు.

"బతకగలిగినోడికి అమ్మ అక్కర్లేదేటి?"

మా అత్త అరుగు అంచు పట్టుకుని లేవబోయింది.  నాకు ఆవిడంటే పడదు. అయినా ఆ క్షణంలో చెయ్యి పట్టుకుని లేపాను. ఇప్పుడా చెప్పడం, అని బావగారు వెనక నుంచి అన్నాడు. మళ్ళీ లేత్ వేసేశాడు.

కానీ మర్నాడు తలుపు మీద ఆయన తాళం లేదు. మా ఆయన తనదీ తీశాడు. బావగారు, మానని చేత్తోనే, ఆ ప్లేట్లూ బోల్టులూ పీకి పారేసి, ముందు భాగమంతా కొత్త గొట్టాలతో కట్టాడు. ఈసారి మోకాళ్ళకి చోటు వదిలాడు, ఎవరు కూర్చున్నా సరిపోయేలా. అది దయతో చేసిన పని కాదు. తప్పుడు బండితో తమ్ముడు తన మీద గెలిచాననుకోవడం ఆయనకి ఇష్టం లేదు. నన్ను పిలిపించి వాచీ తెమ్మన్నాడు.

మళ్ళీ మస్తూరీ రోడ్డు. వడ్లు ఎత్తేశారు. మొదట బావగారు, తర్వాత మా ఆయన. ఈసారి మా ఆయన ముందున్నాడు, కొంచెమే. చెప్పడానికి నేను వెనకాడాను. నీ మొగుడి పక్షం చూపించావని ఇప్పుడీయన అంటాడనుకున్నాను. బావగారు వాచీ అడగలేదు. "నువ్వు చెప్పీసేవు గదా, చాలు," అని చేతి తొడుగు తీసి కారు మీద పడేశాడు. ఆ కుటుంబంలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే. అందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఆఖరి పోటీ మళ్ళీ మద్రాసులో. తనిఖీ అధికారులు మా కారు ముందు భాగం తట్టి తట్టి చూసి వదిలారు. మా ఆయన మొదట్నించీ నాలుగో స్థానంలో పరిగెత్తాడు. చివరికొచ్చేసరికి మూడోవాడిని దాటబోయి, మలుపులో చక్రాలు తగిలి, కారు గింగిరాలు తిరిగి, ముందు నుంచే వెళ్ళి అంచున పేర్చిన టైర్ల గోడకి గుద్దుకుంది. 

నేను పరుగు మానేసి చాలాకాలమైంది. అయినా పరిగెత్తాను. బావగారు నాకన్నా ముందున్నాడు. మేము చేరేసరికి ముందు చక్రాలు రెండూ ఊడిపోయి ఉన్నాయి, ముక్కు నుజ్జయింది. కాళ్ళుండే చోటు మాత్రం నలగకుండా నిలిచింది. బావగారు వంగి తమ్ముడి హెల్మెట్ అద్దం పైకెత్తాడు.

"కాళ్ళు ఆడించు."

అన్నేళ్ళలో తమ్ముడితో ఆయన నేరుగా అన్న మొదటి మాట అదే. మా ఆయన పాదాలు కదిపాడు. మళ్ళీ కదపమన్నాడు. కదిపాడు. చంకల కింద చేతులు వేసి బయటికి లాగాడు. నిలబడగలుగుతున్నాడని చూసుకున్నాక, చొక్కా కాలరు పట్టుకుని ఊపేశాడు.

"ఎవడినడిగి కోసేవురా ఆ గొట్టాలు? ఈయేళ ఆ ప్లేట్లుంటే నీకు కాళ్ళుండేవేటి?"

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. అంబులెన్సు మనిషి వచ్చి విడిపించేదాకా వదల్లేదు.  తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మా ఆయన, ఎవరూ అడక్కుండానే, అన్న వెల్డింగు బాగానే చేశాడని గొణిగాడు. క్షమాపణ లాంటిది ఇద్దరి దగ్గర్నుంచీ రాలేదు. నేనూ ఆశించలేదు.

మళ్ళీ ఏడాది మేము పోటీలకి వెళ్ళలేదు. విరిగిన కారుని కోయంబత్తూరు వాళ్ళెవరో తీసుకుపోయారు. కోర్బాలో పవర్ ప్లాంటు పనులు ఎక్కువగా ఉన్నాయని బావగారు లేత్ ఎత్తుకుని అక్కడికి వెళ్ళిపోయాడు. ఒక వానాకాలం మా అత్త తన బట్టలు మూట కట్టుకుని, పెద్దోడి దగ్గరుంటానని ఎవరినీ అడక్కుండా బస్సెక్కింది. ఆయన గుమ్మంలోకి రానిచ్చాడట, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అని అడిగి మరీ.

మేము రెండు మూడు నెలలకోసారి ఆవిడని చూడటానికి వెళ్ళేవాళ్ళం. మా ఆయన చెప్పులు విప్పకముందే వీధిలో వాదన మొదలయ్యేది. ఇంజను నువ్వే పాడుచేశావని ఒకరు, కప్పు నువ్వే పోగొట్టావని ఇంకొకరు, గొంతులు పెంచి, ముఖంలో ముఖం పెట్టి. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూసేవారు. నేను లోపల అత్తకి అన్నం వడ్డించేదాన్ని. ఆవిడ తలుపు వైపు తిరిగి కూర్చుని, ఒక్క మాటా వదలకుండా వింటూ, ఆ పూట ఎప్పటికన్నా రెండు ముద్దలు ఎక్కువే తినేది.